గుంజాయిష్, నకల్: ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా కాగితాల కథ

హార్డ్ డిస్కుల గురించి ఎవరైనా సలహా అడిగితే నేను ముందు ఒక్క సవాలే అడుగుతాను: నీకు గుంజాయిష్ కావాలా, నకల్ కావాలా? గుంజాయిష్ అంటే చోటు. నకల్ అంటే మీకు తెలిసిందే, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకునేది. ఒకే పైసాతో రెండూ రావు. నాలుగు డిస్కులు కొని నాలుగింటినీ సామాను నింపుకోవడానికే వాడితే చోటు పూర్తిగా దక్కుతుంది, కానీ ఒక డిస్కు పోతే అందులోది పోయినట్టే. రెండింటిని మిగతా రెండింటికి నకళ్లుగా పెడితే సగం చోటు పోతుంది, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

పోయిన నెల మా ఇంట్లో స్టోరేజ్ సర్వర్‌ను మళ్లీ సర్దాను. ఆ పని చేస్తున్నంత సేపూ ఒకటే ఖయాల్. ఈ సవాల్ కంప్యూటర్ల జమానాలో పుట్టింది కాదు. మన షహర్ వందేళ్లకు పైగా దీనికి జవాబులు ఇస్తూనే ఉంది. కొన్ని జవాబులు మంచివి. కొన్నింటికి మనం చాలా పోగొట్టుకున్నాం.

ముందు మా ఇంటి డబ్బాలో ఏముందో చెప్పాలి. మా ఇల్లు నాంపల్లిలో, యూసుఫైన్ దర్గా నుంచి నడిచి వచ్చేంత దూరంలో. సర్వర్ అంటే పెద్ద మషీన్ ఏం కాదు, ఆరు డిస్కులు పట్టే నల్ల డబ్బా. అందులో ఇంటి ఫోటోలూ షాదీ వీడియోలూ ఉన్నాయి. అవి మావి. పోతే బాధ మాది. మరో హిస్సా మాది కాదు. చుట్టాలూ దోస్తులూ మొహల్లా బుజుర్గులూ ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన కాగజాల స్కానులు: నిఖానామాలు, పాత ఉర్దూ రిసాలాలు, చిన్న చిన్న మసీదుల హిసాబ్ పుస్తకాలు, ఖబరస్తాన్‌ల కాగితాలు, సేత్వార్ నకళ్లు. అసలు కాగితం చాలా ఇళ్లలో చెదలు తినేసింది. కొన్నింటికి ఇప్పుడు మిగిలింది నా దగ్గరున్న బొమ్మే. దాన్ని అమానత్ అంటాం. అమానత్ ఉన్నవాడు చోటు సరిపోలేదనో డిస్కు చెడిపోయిందనో చెప్పి తప్పించుకోలేడు.

ఇక షహర్ కథ.

డిస్కులు కొనడానికి నేను వెళ్లేది ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌కు. ఆబిడ్స్ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖిద్మత్ చేసిన ఆల్బర్ట్ ఆబిద్‌ది. అక్కడ ఆయన దుకాణం ఉండేది. ఈ గల్లీ పేరు మాత్రం ఒక ఆలిమ్‌ది. మౌల్వీ చిరాగ్ అలీ (1844-1895) నిజాం సర్కార్‌లో పెద్ద అఫ్సర్. మొదటి సాలార్ జంగ్ చేసిన ఇంతెజామ్ అంతటినీ, మాల్‌గుజారీ నుంచి అదాలత్‌ల దాకా, నాలుగు సంపుటాల ఇంగ్లీషు కితాబుగా కూర్చి 1884-86 మధ్య అచ్చు వేయించారు. దఫ్తర్‌లలో ఒక్కొక్క ప్రతిగా పడి ఉండే సమాచారం అచ్చులోకి వెళ్లి నాలుగు ఊళ్ల కుతుబ్‌ఖానాలకు చేరింది. ఆయన పేరున్న గల్లీ ఉన్న మొహల్లాలో ఇవాళ మనం డిస్కులు బేరమాడుతున్నాం.

అదే ఆబిడ్స్‌లో 1891లో కుతుబ్‌ఖానా ఏ ఆసఫియా మొదలైంది. మౌల్వీ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, అంటే నవాబ్ ఇమాదుల్ ముల్క్, దాని బానీ. అరబీ, ఫార్సీ, ఉర్దూ, తెలుగు ఇంకా చాలా జుబానుల కితాబులూ, చేతిరాత ప్రతులూ ఒక్క చోటికి వచ్చాయి. నవాబుల దేవిడీల్లో అల్మారీల్లో పడి ఉన్నవి మామూలు మనిషి కళ్ల ముందుకు రావడం చిన్న విషయం కాదు. నా లెక్కలో ఇది గుంజాయిష్ జవాబు. పెద్ద చోటు ఒకటి కట్టు, అన్నీ అక్కడికి తీసుకురా. వెతుక్కునేవాడికి సుఖం. లేకిన్ చేతిరాత ప్రతికి చాలాసార్లు దునియాలో జోడీ ఉండదు. అన్నీ ఒక కప్పు కిందికి వచ్చాయంటే, ఆ కప్పుకు ఏమైనా అయితే అన్నింటికీ అవుతుంది.

కప్పుకు ఏమవుతుందో 1908 సెప్టెంబర్ 28న షహర్ చూసింది. మూసీ తుగ్యానీలో పదిహేను వేల మంది దాకా పోయారని చెబుతారు. అఫ్జల్ పుల్, ముసల్లం జంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ దెబ్బతిన్నాయి, పురానాపుల్ నిలబడింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు పట్టుకుని బతికినవాళ్ల కథ మనందరం విన్నదే. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ బిడ్డనూ ఆ నీళ్లలో పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. మనుషులే పోయిన చోట కాగితాల మాట ఎవరు ఎత్తుతారు? మగర్ నది పక్క మొహల్లాల్లో ఎన్ని ఇళ్ల సందూకులు ఆ రోజు పోయి ఉంటాయో ఒక్కసారి ఊహించండి. భూమి కాగజ్ పోయింది, వంశం షజ్రా పోయింది, చిట్టీలు పోయాయి. కుతుబ్‌ఖానా అప్పటికి ఆబిడ్స్‌లోనే ఉంది.

తుగ్యానీ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈ చెరువుల లెక్కలో నాకు నచ్చేది ఒకటుంది. తాగునీటికైతే నిండుగా ఉండాలి, వరదను ఆపాలంటే పైన ఖాళీ ఉండాలి. నిండా నింపిన చెరువు వరదను పట్టుకోలేదు. డిస్కులు సర్దేటప్పుడు కూడా అంతే. ఐదో వంతు ఖాళీగా వదలకపోతే ఏదైనా ఆపద వచ్చిన రోజు సామాను పక్కకు జరపడానికి జగా ఉండదు.

ఈ భరోసా తర్వాత ఆసఫియా 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి ఖూబ్‌సూరత్ ఇమారత్‌లోకి మారింది. ఇవాళ మనం స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అనేది దాన్నే. చేతిరాత ప్రతులు తర్వాతి రోజుల్లో వేరే సంస్థకు వెళ్లాయి.

రెండో జవాబు ఇంకా పాతది. మొఘల్ దఫ్తర్‌లలో హుకుం ఒకే కాగితం మీద ఉండేది కాదు. దర్బార్‌లో జరిగింది వాఖియా నవీస్ రోజువారీగా రాసుకునేవాడు. దాని నుంచి యాద్‌దాష్త్ తయారయ్యేది, దాని ఖులాసాగా తాలీఖా. సనద్ బయటికి వచ్చేలోపు పలు దఫ్తర్‌ల మొహర్‌లు పడేవి, ఆయా చోట్ల నమోదు జరిగేది. షాజహాన్, ఔరంగజేబ్ కాలం నాటి దక్కన్ కాగితాలు ఇప్పటికీ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆసఫ్‌జాహీలు ఈ అలవాటునే కొనసాగించారు. మన ఊళ్లలోనూ ఇదే తర్తీబ్. పహాణీ పట్వారీ దగ్గర ఉండేది, తహసీల్‌లో దాని లెక్క ఉండేది, సర్వే సెటిల్మెంట్ వాళ్ల దగ్గర సేత్వార్ ఉండేది. పట్వారీ ఇంట్లో సందూకు కాలిపోయినా పైన ఒక లెక్క మిగిలేది. పట్వారీ కలం జారితే పైవాడి లెక్కతో పోల్చి పట్టుకోవచ్చు. 1980ల్లో పటేల్-పట్వారీ వ్యవస్థ పోయింది. అయినా ఇప్పటికీ జమీన్ ఝగడా వస్తే వకీలు ముందు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ నకలే.

నకల్ అంటే చూసి రాసేయడం కాదు. పాత కాతిబ్‌లు ప్రతి పూర్తయ్యాక అసలుతో పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు. ఒకరు అసలు చదివితే మరొకరు నకలు చూసుకునేవారు. దాని పేరు ముఖాబిలా. ఎక్కడి దాకా పోల్చారో మార్జిన్‌లో గుర్తు పెట్టేవాళ్లు. పాత అరబీ, ఫార్సీ ప్రతుల్లో ఆ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. సర్కారీ నకలు చివర 'నకల్ ముతాబిఖ్ అస్ల్' అని రాసి మొహర్ వేయడం కూడా అందుకే. కంప్యూటర్‌లో ఇదే పనిని చెక్‌సమ్ చేస్తుంది. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి ఒక చిన్న నంబర్ ఇస్తుంది. అసలు నంబరూ నకలు నంబరూ ఒకటైతే ముతాబిఖ్. ఒక్క అక్షరం తేడా వచ్చినా నంబర్ మారిపోతుంది. ముఖాబిలా లేని నకలు నకలు కాదని మన కాతిబ్‌లకు ఎప్పుడో తెలుసు.

ఇక డిస్కుల తారీఖ్. 1956లో ఐబీఎం మొదటి డిస్కు మషీన్ తెచ్చింది. మనిషంత బీరువాలో ఇరవై నాలుగు అంగుళాల పళ్లేలు యాభై. అన్నీ కలిపితే పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫోటోకు అటూ ఇటూగా సరిపోతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు పెద్ద ఆఫీసులన్నీ పెద్ద, మహంగీ డిస్కుల వెంటే పోయాయి. 1988లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పేపర్ వేశారు. ఒక మహంగీ డిస్కు బదులు సస్తా డిస్కులు చాలా కలిపి వాడొచ్చన్నారు. వాటిలో ఏదో ఒకటి పోవడం ఖాయం కాబట్టి, పోయినా సామాను దక్కేలా ముందే ఇంతెజామ్ చేయాలన్నారు. దానికి రెయిడ్ అని పేరు పెట్టారు.

అందులో పారిటీ అనే తర్కీబ్ ఉంది. విరాసత్ లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ముగ్గురు అన్నదమ్ముల వాటాలు మూడు చీటీల మీద రాశారు. నాలుగో చీటీ మీద మూడింటి జుమ్లా రాశారు. ఒక తమ్ముడి చీటీ పోయింది. జుమ్లాలోంచి మిగతా ఇద్దరి వాటాలు తీసేస్తే అతని వాటా తేలుతుంది. నాలుగు చీటీల్లో ఏ ఒక్కటి పోయినా పర్వాలేదు. రెండు పోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. నాలుగు డిస్కుల రెయిడ్ 5 అంటే ఇదే: మూడింటి చోటు దక్కుతుంది, నాలుగోది జుమ్లాకు పోతుంది. ఇద్దరి గైర్‌హాజరీ తట్టుకోవాలంటే రెయిడ్ 6, అప్పుడు రెండింటి చోటే దక్కుతుంది. అద్దంలా జోడీ జోడీగా పెట్టడం మిర్రర్. అందులోనూ సగమే దక్కుతుంది, కానీ లెక్కలు కట్టే పని లేదు, పక్కవాడే పూర్తి నకల్.

చాలామంది నౌజవాన్లు ఇక్కడ ఆగిపోతారు. రెయిడ్ పెట్టాను, బేఫికర్ అంటారు. నాలుగు చీటీలూ ఒకే సందూకులో ఉన్నాయి కదా భాయ్? సందూకే నీళ్లలో పడితే?

ఇది ఖయాలీ మాట కాదు. హైదరాబాద్‌లో అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఉర్దూ ఆషిఖ్ జిందగీ అంతా వెచ్చించి వేల కితాబులూ రిసాలాలూ పోగు చేశారు. పెద్ద కుతుబ్‌ఖానాల్లో దొరకనివి ఆయన దగ్గర దొరికేవి. ఆ జఖీరా కోసం 1990ల్లో షికాగో యూనివర్సిటీ ముందుకొచ్చింది. కితాబులు మన షహర్‌లోనే ఉండేలా బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ రీసెర్చ్ సెంటర్‌గా నిలబడింది. ఉర్దూ కితాబుల కోసం ఒక తెలుగు కమ్యూనిస్టు నాయకుడి పేరున్న ఇమారత్ తలుపులు తెరవడం మన గంగా జమునీ తహజీబ్‌లో నేను గర్వంగా చెప్పుకునే ముచ్చట. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో షహర్ మీద దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. హుసేన్ సాగర్ నాలా పొంగి నీళ్లు ఆ ఇమారత్‌లోకి వచ్చాయి. కితాబులు తడిశాయి. తడిసినవాటిని ఆరబెట్టి, బురద తుడిచి దక్కించుకోవడానికి అక్కడివాళ్లు నానా తంటాలు పడ్డారు. సమద్ ఖాన్ సాబ్ శ్రమలో లోపం లేదు, కాపాడినవాళ్ల నీయత్‌లో లోపం లేదు. కాగితం ఒక్క చోట ఉంది, అంతే.

కాగితానికి నీళ్లే దుష్మన్ అనుకోకండి. నాంపల్లి హజ్ హౌస్ దగ్గర 2017 నవంబర్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. వక్ఫ్ బోర్డు పనితీరుపై ఆరోపణలు వచ్చాయని సర్కారు రాత్రికి రాత్రి రికార్డు గదికి సీలు వేసింది. ఆ సీలు ఏళ్ల తరబడి అలాగే ఉంది. సీలు వేయడం సహీయా గలతా అనే బహస్ ఇక్కడ నేను చేయడం లేదు. లోపల కాగితాలకు ఏమీ కాలేదనే అనుకుందాం. కానీ ఊళ్లో ఖబరస్తాన్ కేసు నడుస్తున్న ముతవల్లీకి ముంతఖబ్ కావాలి. అది లోపలుంది, తాళం బయటుంది. కోర్టులో చూపడానికి కాగితాలు దొరకడం లేదన్న ఫిర్యాదులు ఆ రోజుల్లో అఖ్బార్‌లలో తరచూ వచ్చేవి. ఉన్న కాగితం చేతికి అందకపోతే ఆ రోజుకి అది లేనట్టే. డిస్కుల భాషలోనూ ఇవి రెండు వేర్వేరు మాటలు: సామాను సలామత్‌గా ఉండటం ఒకటి, అడిగినప్పుడు దొరకడం ఇంకొకటి. రెండో నకల్ ఇంకో గదిలో, ఇంకొకరి తాళం కింద ఉండాలనడానికి ఇంతకంటే దలీల్ అక్కర్లేదు.

మూడో సంఘటనలో మాత్రం మనకు ఖైర్ జరిగింది. 2000ల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో దేశమంతా పాత కితాబులు స్కాన్ చేశారు. మన దగ్గర గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఒక పెద్ద కేంద్రం. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అంటే మన ఆసఫియా కితాబులు కూడా అందులోకి ఎక్కాయి. కొన్నేళ్లకు ఆ వెబ్‌సైట్ మూతపడింది. అయితే అప్పటికే ఆ స్కానులను లక్షల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకల్ చేసిపెట్టారు. దానికి పూనుకున్నవాళ్లలో కార్ల్ మలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ ముఖ్యమైనది. అందుకే ఇవాళ కూడా ఒక పాత తెలుగు నవలో ఉర్దూ తజ్కిరానో తెరిస్తే మొదటి పేజీల్లో మన కుతుబ్‌ఖానా మొహర్ కనిపిస్తుంది. 1891లో ఆబిడ్స్‌లో మొదలైన జఖీరాలోని పుస్తకాన్ని నాంపల్లిలో మా ఇంట్లో కూర్చుని నేను చదువుతున్నానంటే, మధ్యలో ఎవరో చోటు దండగ అనుకోకుండా నకల్ చేశారు కాబట్టి.

ఇక మా డబ్బా హిసాబ్. ఇంతకుముందు నాలుగు డిస్కులు, ఒక్కోటి 4 టెరాబైట్లు, రెయిడ్ 5. దక్కిన చోటు 12. అందులో ఆరున్నర నిండింది, అమానత్ వాటా దాదాపు 3. పైకి చూస్తే ఫికర్ లేదు. కానీ నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి వచ్చినవి, ఒకే ఉమర్. ఒకటి ముసలిదైందంటే మిగతావీ ముసలివే. ఒకటి పోతే కొత్తది పెట్టి జుమ్లా లెక్క మళ్లీ కట్టాలి. దానికి మిగతా మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి, అంటే 12 టెరాబైట్లు. మామూలు డిస్కులకు కంపెనీలు కాగితం మీద రాసే హామీ ఏమిటంటే, సుమారు 12.5 టెరాబైట్లు చదివితే ఒక్కచోట తప్పు రావొచ్చని. అసలు డిస్కులు దీనికంటే బాగానే పనిచేస్తాయి. కానీ అమానత్‌ను హామీ అంచు మీద నిలబెట్టడం నాకు గవారా కాలేదు.

8 టెరాబైట్ల డిస్కులు రెండు తెచ్చాను, ఒక్కోటి ఒక్కో దుకాణంలో, ఒక్కో కంపెనీది, ఉమర్ కలవకుండా. వాటిని జోడీగా, మిర్రర్‌గా పెట్టాను. పాతదాన్ని ముట్టుకోకుండా సామాను అంతా కొత్త జోడీలోకి నకల్ చేశాను. తర్వాత రెండు రాత్రులు ముఖాబిలా: ప్రతి ఫైలు చెక్‌సమ్ పాతదానితో పోల్చడం. అన్నీ ముతాబిఖ్ అని తేలాక కూడా పాత నాలుగింటినీ ఒక వారం అలాగే వదిలేశాను. ఆ తర్వాతే విడదీశాను. నాలుగింటిలో ఆరోగ్యంగా ఉన్న రెండింటిని డబ్బాలో ఇంకో జోడీ చేశాను. మిగతా రెండింటి మీద అమానత్ వాటా నకల్ చేసి, పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఇల్లు దాటించాను. ఒకటి మహబూబ్‌నగర్‌లో ఛోటీ ఆపా ఇంటికి, ఇంకొకటి వరంగల్‌లో ఒక టీచర్ దోస్త్ ఇంటికి. జనాల నిఖానామాలూ జమీన్ కాగితాలూ కదా, ఎవరూ తెరిచి చూడకూడదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అమ్మీ అల్మారీలో ఒకటి, దూల్హేభాయ్ దగ్గర ఒకటి పెట్టాం. తాళంచెవికి కూడా నకల్ ఉండాలి.

లెక్క చూడండి. మొదట డిస్కుల మొత్తం 16, దక్కింది 12. ఇప్పుడు మొత్తం 32, దక్కింది 8 ప్లస్ 4, మళ్లీ 12. కొత్తగా 16 టెరాబైట్లకు పైసలు పోసినా చోటు ఒక్క అంగుళం పెరగలేదు. ఇది విని దుకాణందారు నవ్వాడు. "క్యా సాబ్, ఇత్తే పైసే డాలే, జగా తో ఉత్తీచ్ హై!" అన్నాడు. అతని హిసాబ్ గుంజాయిష్ హిసాబ్, అందులో తప్పేం లేదు. నేను కొన్నది చోటు కాదు. మూసీ పొంగినా, గదికి తాళం పడినా, ఒక డిస్కు ఆగిపోయినా ఆ ఖబరస్తాన్ కాగితం ఇంకో ఊళ్లో ఉంటుందన్న భరోసా.

షాదీ వీడియోలకు మాత్రం ఇంటి జోడీ చాలు, వాటిని వేరే ఊరు పంపలేదు. అన్నింటికీ సమానంగా నకళ్లు చేయాలంటే ఎవరి జేబూ సరిపోదు. ఏది పోతే మళ్లీ దొరకదో ముందు తేల్చుకోవాలి, నకళ్లు దానికి.

ఇతవార్ రోజు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కితాబులు తిరగేసే అలవాటు మీలో చాలామందికి ఉంటుంది. ఒక్కోసారి ఒకే పేరు రాసి ఉన్న పుస్తకాలు వరసగా ఇరవై ముప్పై కనిపిస్తాయి. ఎవరో బుజుర్గ్ ఇంతెఖాల్ అయ్యారు, ఇల్లు ఖాళీ చేశారు, జఖీరా కిలోల లెక్కన బయటికి వచ్చింది. అచ్చు కితాబులైతే పర్వాలేదు, ఇంకెక్కడో ఇంకో ప్రతి ఉంటుంది. వాటి మధ్యలో జారిన చేతిరాత బయాజ్, ఖత్, మసీదు రసీదు ఇంకెక్కడా ఉండవు.

మీ ఇంట్లోనూ ఒక సందూకు ఉంటుంది. సర్వర్లూ రెయిడ్‌లూ అవసరం లేదు. ఈ జుమా నాడు తెరిచి, మళ్లీ దొరకని కాగితాలు ఏవో వేరు చేయండి. ఫోన్‌తోనే సాఫ్‌గా ఫోటోలు తీయండి, అసలుతో ఒకసారి పోల్చి చూడండి. ఒక పెన్‌డ్రైవ్ మీద వేసి, ఇంకో ఊళ్లో ఉన్న అన్నకో ఆపాకో ఇచ్చి పెట్టమనండి. ఖర్చు మూడు నాలుగు వందలు.